పేరు లేని పొక్కులు

మార్చి 3, ఆదివారం, 1963

చర్చికి కొత్త అయ్యగారు వచ్చారు కదా, పల్లెల్లో వాక్యం చెప్పిన పాత ఉపదేశి మా నాన్నకు మళ్లీ అవకాశం దొరికింది. సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి నిలబడ్డాడు.

"నా బిడ్డకు నాలుగేండ్లప్పుడు ఒళ్లంత పొక్కులు పోసినయి. ఊరోళ్లు వేపమండలు పట్టుకొని ఉరికొచ్చిండ్రు. బోనం చెయ్యమన్నరు. ఒక్కన్ని గడప తొక్కనియ్యలే. వారం దినాలు మోకాళ్ల మీదున్న. గా మశూచి నోట్లకెంచి ప్రభువు నా బిడ్డను గుంజుకొచ్చిండు."

ఆడవాళ్ల వరసలన్నీ నావైపు తిరిగాయి, నుదుటి మీద మచ్చ చూడటానికి. అలవాటు ప్రకారం నేను తల కాస్త ఎత్తి చూపించాను కూడా. సిగ్గులేని దాన్ని.

నా చిన్నప్పుడు ఈ సాక్ష్యంలో ఆయన మోకాళ్ల మీద ఉన్నది ఒక్క రాత్రే. తర్వాత మూడు రోజులైంది. ఇప్పుడు వారం. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఇంకో పదేళ్లు పోతే నన్ను లాజరులాగా సమాధిలోంచే లేపుతాడు.

ముప్పై దాటిన విధవను, బడిలో లెక్కలు చెప్పే పంతులమ్మను. చర్చిలో మాత్రం ఇంకా నాన్న చంకలో పిల్లనే. విసుగ్గా ఉంది.

మార్చి 6

సువర్ణ రేపటి నుంచి బడికి రాదట. "మా తమ్మునికి ఆటలమ్మ పోసింది టీచర్" అంది.

"పొక్కులు అను" అన్నాను వెంటనే.

ఆ పిల్ల బిత్తరపోయింది. "ఏ పొక్కులు టీచర్? పెద్దయా, చిన్నయా?"

"ఏవైతేనేం, పొక్కులే. కూర్చో."

నోరు నాది, మాట నాన్నది. మశూచిని అమ్మవారనీ, చిన్న పొక్కులను ఆటలమ్మనీ అంటారు కదా, ఈ పేర్లు మా ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. దేవతల పేర్లతో జబ్బును పిలిస్తే మొక్కినట్టేనట. పెద్ద జబ్బుకూ చిన్న జబ్బుకూ కలిపి మా ఇంట్లో ఒకటే మాట. నాన్న ముఖం నిండా ఉన్న గుంటలు పొక్కులవి. నా నుదుటి మీది ఒక్క మచ్చా పొక్కులదే.

మార్చి 11

పక్కింటి సాబెరాకు జ్వరం. రంజాను పండుగకు హైదరాబాదులో పుట్టింటికి వెళ్లి వచ్చింది. "నడుము ఇరిగినట్టున్నది టీచరక్కా" అంటోంది. చంటివాడు సిరాజ్ పాలకు ఏడుస్తున్నాడు. మొగుడు గులాం రసూల్ లారీ మీద నాగపూర్ వైపు పోయి ఉన్నాడు. కషాయం కాచి ఇచ్చి వచ్చాను.

నాకూ ఏమీ బాగాలేదు. ఊరికే, అలసట.

మార్చి 14

సాబెరాకు మశూచి. ముఖం మీద, అరచేతుల మీద లేచాయి. దవాఖాన నుంచి డాక్టరు అమరేందర్ వచ్చి చూశాడు. కుర్రవాడే, కానీ నిమ్మళంగా మాట్లాడతాడు. వాగు అవతల వేసిన పాకలోకి ఆమెను మార్చాలన్నాడు. గల్లీ మొత్తానికి టీకాలు మొదలుపెట్టించాడు, చంటివాడికి కూడా.

"పోయినసారి ఈ ఇంట్ల అందరికీ టీకాలైనయని రాసి ఉన్నది. ఈమెకు ఎట్ల వచ్చింది?" అని అడిగాడు.

 అత్తగారు అఖ్తరున్నీసా బీ ఏడుస్తూ చెప్పింది. అప్పుడు సాబెరా కడుపుతో ఉంది, టీకా బిడ్డకు పడదేమోనని ఈవిడ భయం. టీకాలాయన మొగాడు కాబట్టి పర్దా వెనక నుంచి చేతులు చాపమన్నాడట. ఈవిడ ముందు కుడిచెయ్యి చాపింది, కోడలి వంతు వచ్చినప్పుడు గాజులు మార్చుకుని ఎడమచెయ్యి చాపింది. రెండు టీకాలూ ఈవిడకే పడ్డాయి. నవ్వు వచ్చింది నాకు, ఆ సమయంలో! తర్వాత ఏడుపు వచ్చింది.

పాకలో ఎవరు ఉంటారు? "ఈ జబ్బు ఒకసారి వచ్చిపోయినోళ్లయితే మంచిది" అన్నాడు డాక్టరు. "ఒళ్లు దాన్ని యాది పెట్టుకుంటది టీచరమ్మా. మల్ల గడప కాడికొస్తే మొకం గుర్తుపట్టి, లోపలికి రాకముందే కొట్టి పంపిస్తది. పదేండ్లయినా, ఇరవై ఏండ్లయినా మర్వదు."

"నాకు వచ్చిపోయింది" అన్నాను.

నిజానికి గల్లీలో అందరూ అప్పటికే నావైపు చూస్తున్నారు. నా సాక్ష్యం వాళ్లకూ తెలుసు. టీకాలాయన ప్రతిసారీ మా గడప దాకా రావటం, నాన్న "మా ఇద్దరికీ పోసినయి" అనటం, ఆయన వెళ్లిపోవటం, అంతే.

డాక్టరు నా నుదురు చూశాడు. "ఒక్కటేనా మచ్చ?"

"మిగతావి ప్రభువు తుడిచేశాడని మా నాన్న చెప్తాడు" అన్నాను.

నాన్న అక్కడే ఉన్నాడు. సాక్ష్యానికి ఇంత మంచి చోటు దొరికితే వదిలే మనిషి కాదు. ఏమీ మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక మాత్రం, "నువ్వు పోకు బిడ్డా" అన్నాడు.

"ఎందుకు?"

"ఉత్తగనే. నేను పోత. నాకు మస్తుగ పోసినయి గద."

"పర్దా మనిషికి నువ్వెలా సేవ చేస్తావు నాన్నా? పైగా నీ ఆయాసం."

"జర ఆగు. ఇంకెవరన్న దొరుకుతరేమో."

నాకు ఒళ్లు మండింది. ఊరందరి ముందు చెప్పే విశ్వాసం ఇదేనా అన్నాను. ముసలివాడివి, ఒక్కడివే ఉండటానికి భయం, అంతేగా అన్నాను. తల దించుకున్నాడు.

మా ఆయన జయానందం పోయినప్పుడు మా సంఘం ఆడవాళ్లు వచ్చి కీర్తన పాడి వెళ్లిపోయారు. సాబెరా రోజూ వచ్చి నా తల దువ్వింది. అందుకే వెళ్తున్నాను. ఇంకే కారణమూ లేదు.

మార్చి 15

పాక. చుట్టూ ముళ్లకంప. సాబెరా కళ్లు తెరవలేకపోతోంది. ఆమె ఒంటి మీద చెయ్యి వేయడానికి చోటు లేదు.

మార్చి 17

"సిరాజ్ పాలు తాగిండా అక్కా?" రోజంతా ఇదే మాట. మేకపాలు తాగుతున్నాడని చెప్పాను. పాలు కట్టి రొమ్ములు రాయిలా అయ్యాయి, పిండి పారబోయాలి. ముట్టుకుంటే అరుస్తుంది. నా కడుపున ఎవరూ పుట్టలేదు, ఈ పని ఎలా చేయాలో నాకు తెలియదు. ఇద్దరం ఏడ్చుకుంటూ చేశాం.

"నా మొకం ఏమైతది అక్కా?"

"నన్ను చూడు. నాకేమైంది? ఒక్క మచ్చ."

కళ్లు తెరిచి చూడలేదు కదా. చేత్తో నా నుదురు తడిమింది. కొంచెం ఊరట పడినట్టుంది.

నాన్న పొద్దున, సాయంత్రం అఖ్తరున్నీసా బీ వండిచ్చిన అన్నం గిన్నె తెచ్చి కంప దగ్గర పెడుతున్నాడు. పెట్టి వెళ్లిపోడు. నిలబడతాడు. "ఏమిటి?" అంటే, "ఏం లేదు" అంటాడు. "తిన్నావా?" అంటే, "తిన్న" అంటాడు. చిక్కిపోయాడు. నేను లేకపోతే వేళకు తినడు మరి.

మార్చి 18

ఇవాళ కూడా నిలబడ్డాడు. ఒకసారి నోరు తెరిచాడు, దగ్గు వచ్చింది.

నిజం రాసుకోవాలంటే, ఇక్కడ నాకు హాయిగా ఉంది. ఇంత కంపులో, ఇంత ఏడుపులో. ఆ ఇంట్లో జయానందం మంచం చూడక్కర్లేదు, నాన్న ప్రార్థన వినక్కర్లేదు. సాబెరా కోసమే వచ్చానని అందరితో అన్నాను. సగమే నిజం.

మార్చి 20

 జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున డాక్టరు సాబెరాను చూడటానికి వచ్చాడు. వెనకే నాన్న. చేతిలో గిన్నె లేదు. కంప అవతల నిలబడి గట్టిగా అరిచాడు. చర్చిలో కూడా ఆయన అంత గట్టిగా మాట్లాడగా వినలేదు.

"బిడ్డా! నీకు పోసింది ఆటలమ్మ! ఆటలమ్మే! అమ్మోరు గాదు!"

నాకు ముందు అర్థం కాలేదు. ఆ పేర్లు ఆయన నోట్లోంచి రావటమే వింతగా ఉంది. ఆయాసంతో కంప పట్టుకున్నాడు, ముళ్లు గుచ్చుకున్నా వదల్లేదు.

"ఏమంటున్నవ్ నాన్నా?" నాకు కూడా ఇంటి యాస వచ్చేసింది.

"చిన్నయే బిడ్డా, నీళ్ల పొక్కులు. నాలుగొద్దులల్ల ఎండిపోయినయి. నుదుటి మీద గోకుకున్నవు, గా ఒక్కటి మచ్చ పడ్డది. పేరు పలకొద్దని నేనే అన్ని పొక్కులే అన్న. మిషను దొరసాని వచ్చినప్పుడు పొక్కులు పోసి బతికిందని చెప్పిన. ఆమె 'మశూచా?' అని అడిగింది. నేను 'ఊ' అన్న."

"ఊ అన్నవా?"

"ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి బిడ్డా. మీటింగుల చెప్పమన్నది. చెప్పిన. చెప్పంగ చెప్పంగ నాక్కూడ గదే నిజమనిపిచ్చింది. నువ్వు ఈడికి వస్తనన్న దినం యాదికొచ్చింది. అప్పుడన్న చెప్పలే. అందరున్నరు. ఇన్నేండ్ల సాక్ష్యం... నోరు రాలే. నన్ను కొట్టు బిడ్డా."

టీకాలాయన గడప దాకా వచ్చి వెనక్కి పోయిన రోజులన్నీ గుర్తొచ్చాయి. "నన్ను చంపావు నాన్నా" అన్నాను. ఆ మాట అన్నాను. వెనక్కి తీసుకోను.

డాక్టరు నా చేతులూ కాళ్లూ తిప్పి చూశాడు. "రెండూ వేరు వేరు టీచరమ్మా. ఒంటి యాది మస్తు గట్టిది, కానీ ఒకని మొకం యాదుంటే ఇంకొకన్ని గుర్తుపట్టది. మీ ఒంటికి ఆటలమ్మ యాదున్నది. దీన్ని ఇంకా చూడలే."

"ఇప్పుడు టీకా వేస్తే?"

"మొదటి దినమే వెయ్యాల్సింది. వేస్త. మొత్తం ఆగకున్నా పదును తగ్గొచ్చు. మాటియ్యలేను."

వేశాడు. గుండ్రటి సూదిని చర్మం మీద తిప్పుతుంటే మొద్దులా నిలబడ్డాను. నన్ను వేరే గుడిసెలో ఉంచమంటారా అని అడిగాడు. వద్దన్నాను. సాబెరాకు నీళ్లు ఎవరు పోస్తారు? మునిగినదానికి చలేమిటి.

మార్చి 21

గిన్నె తిరగ్గొట్టాను. ఆయన తెచ్చిన అన్నం నాకొద్దు.

మార్చి 22

మళ్లీ తిరగ్గొట్టాను. సాబెరా వంతు తీసి ఆమెకు పెట్టి, నా వంతు పంపేశాను.

"ముసలాయన మీద గుస్సా పట్టకు అక్కా" అంది సాబెరా. ఆమె కళ్లు కాస్త తెరుచుకుంటున్నాయి. "మా అత్త మంచిగ చెయ్యాలనే గాజులు మార్చుకున్నది. మీ నాయన మంచిగ చెప్పాలనే ఊ అన్నడు. ఇద్దరు కలిసి మనల్ని ఈడ పండవెట్టిండ్రు."

ఆ ముఖంతోనే నవ్వింది, పెదవి పగిలి రక్తం వచ్చింది. నేనూ నవ్వాను.

మార్చి 24

టీకా వేసిన చోట పుండు లేచింది. అది మంచిదేనట. నాకేమీ కాలేదు.

మార్చి 25

నాకేమీ కాలేదు.

మార్చి 27

తలనొప్పి. ఎండలు ముదిరాయి కదా.

మార్చి 28

ఎండ వల్లే. నడుము కూడా నీళ్లు మోసి మోసి నొప్పి.

మార్చి 29

ఎండ కాదు. నాకు చావాలని లేదు. జయానందం పోయాక చాలాసార్లు అనుకున్నాను, పోతే బాగుండని. అబద్ధం. నాకు చావాలని లేదు దేవా

ఏప్రిల్ 13

పెన్సిలు పట్టుకోగలుగుతున్నాను. రేపు ఈస్టరట. మధ్యలో ఏం జరిగిందో కొంత నాకు తెలుసు, కొంత సాబెరా చెప్పింది.

జ్వరం పేలిపోతున్న రోజున నాన్న కంప జరిపి లోపలికి వచ్చాడు. కాపలావాడు అడ్డం పోతే, "నా మొకం చూడు, నన్నెవడు ఆపుతడు" అన్నాడట. సాబెరా ముసుగు కోసం వెతుక్కుంటే తన పైకండువా తీసి ఆమెకు ఇచ్చి గోడవైపు తిరిగి కూర్చున్నాడట. అప్పటికి ఆమె లేచి తిరుగుతోంది. మీద చెయ్యి వేసే పనులన్నీ ఆమె చేసింది. నీళ్లు మోయటం, గంజి కాచటం, బట్టలు ఉడకబెట్టటం నాన్న. జీవితంలో ఎప్పుడూ గంజి కాచని మనిషి. మొదటిరోజు మాడ్చాడట.

నేను ఆ కలవరింతలో అడుగుతూనే ఉన్నానట, "నాకేం వచ్చింది, నాకేం వచ్చింది" అని. ప్రతిసారీ నాన్న, "అమ్మోరు బిడ్డా. పెద్దమ్మోరు" అని చెప్పాడట. ఒక్కసారి కూడా పొక్కులనలేదట.

నాకు గుర్తున్నది ఒక్కటే. నోట్లో చెంచా. మాడిన గంజి వాసన. మింగాను. ఆయన చేతిదని తెలిసే మింగాను.

పొక్కులు ఒళ్లంతా లేవలేదు. ముఖం మీద కొన్ని, చేతుల మీద కొన్ని, త్వరగా ఎండాయి. డాక్టరు నన్ను చూసి, "ఆలస్యమైనా టీకా పని చేసింది" అన్నాడు. నాన్న ఇది కూడా ప్రభువు పనే అంటాడేమో అని చూశాను. "నీ చేతికి దండం డాక్టర్" అన్నాడు, అంతే.

సాబెరా రేపో ఎల్లుండో ఇంటికి పోతుంది. గులాం రసూల్ వచ్చాడు, రోజూ కంప దగ్గర చంటివాణ్ణి ఎత్తి చూపిస్తున్నాడు. వాడు తల్లిని గుర్తుపట్టక ఏడ్చాడు. ఆమె పాక వెనక్కి పోయి ఏడ్చింది. ముఖం నిండా గుంటలే ఆమెకు. నేను ఒక్క మచ్చ అని చెప్పాను.

ఏప్రిల్ 14, ఈస్టరు

చర్చి గంటలు ఇక్కడికి వినిపించాయి. నాన్న పాక బయట రాయి మీద కూర్చుని వాటిని విన్నాడు. ఈస్టరు ఆరాధన ఆయన తప్పటం నాకు తెలిసి ఇదే మొదలు. నేను ఏమీ అనలేదు. ఇంకా కోపం ఉంది. గంజి మాత్రం తాగుతున్నాను.

మే 5, ఆదివారం

ఇల్లు. మొదటిసారి చర్చికి వెళ్లాం. సాక్ష్యాలప్పుడు అయ్యగారు నాన్నవైపు చూశారు. ఎంత మంచి సాక్ష్యం ఇప్పుడు ఆయన దగ్గర! బిడ్డ మళ్లీ బతికింది. 

లేచాడు. "నా బిడ్డకు చిన్నప్పుడు పోసింది మశూచి గాదు. ఆటలమ్మ. నేను అబద్ధం చెప్పిన" అన్నాడు. చర్చిలో ఆ పేరు! ఎవరో 'ప్రభువా' అన్నారు. అయ్యగారు దగ్గి పాటల పుస్తకం తెరిచారు. నాన్న ఇంకా ఏదో చెప్పబోయి, ఆయాసం వచ్చి కూర్చున్నాడు. బయటికి వచ్చాక ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. చెట్టు కింద చెప్పులు వేసుకోవటానికి తిప్పలు పడుతుంటే నేను చెయ్యి పట్టుకున్నాను.

మే 9

అఖ్తరున్నీసా బీ సేమ్యా పంపింది. సాబెరా గోడ మీద నుంచి పలకరించింది. చంటివాడు ఇప్పుడు దగ్గరికి వస్తున్నాడట, ఆమె చెంప గుంటల్లో వేలు పెట్టి ఆడుతున్నాడట. "నీ దగ్గరికి కూడ పంపిస్తనక్కా, నీకు తక్కువున్నయి, జర బేజారైతడు" అంది. దొంగముండ.

మే 11

టీకాలాయన గల్లీకి మళ్లీ వచ్చాడు. పక్కింటి పర్దా దగ్గర ఈసారి రెండు చేతులూ ఒక్కసారే బయటికి చాపించాడు. అఖ్తరున్నీసా బీ తిట్టిపోసింది.

తర్వాత మా గడప. నాన్న కుర్చీలో ఉన్నాడు, నేను బియ్యం ఏరుతున్నాను.

"ఇంట్ల ఎవరికన్న పోసినయా ఉపదేశిగారూ?" అని అడిగాడు, పుస్తకం తెరుస్తూ. ఎప్పుడూ అడిగే మాటే.

నాన్న నోరు తెరిచాడు. నా వైపు చూసి మూసుకున్నాడు.

"ఆయనకు అమ్మవారు" అన్నాను. "నాకు ఆటలమ్మ, అమ్మవారు. రెండూ."

టీకాలాయన నాన్నను చూశాడు. "నిజమేనా?"

"ఊ" అన్నాడు నాన్న.